లాగు బావా, లాగు!

మా బావమరిది ఎవరికైనా ఏదైనా ఇస్తున్నాడంటే అది పని చెయ్యడం మానేసి కనీసం ఏడాది అయ్యుంటుంది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఈ సంగతి నాకు సమయానికి గుర్తురాదు. వానలు పడ్డాక పెరట్లో గడ్డి మోకాళ్ళ దాకా వచ్చిందని ఏదో మాటవరసకి అన్నాను, అంతే, మర్నాడు పొద్దున్నే పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్ ఒకటి భుజాన వేసుకొచ్చి గుమ్మంలో దించాడు. పొడుగాటి గొట్టం, దానికి ఒక చివర ఇంజను, ఇంకో చివర గిర్రున తిరిగే నైలాన్ వైరు, మధ్యలో సైకిల్ హ్యాండిల్ లాంటి పట్టు. "నీదే అనుకో బావా" అన్నాడు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని నేనూ ఏమీ అడగలేదు. అడిగుండాల్సింది. కనీసం అంత తొందరగా ఎందుకు వెళ్ళిపోతున్నాడో అయినా అడిగుండాల్సింది.

ఆ సాయంత్రమే తాడు లాగాను. దీనికి సెల్ఫ్ స్టార్టూ అవీ ఉండవు, ఇంజను పక్కన చిన్న పిడి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజితే లోపల చక్రం తిరిగి, నిప్పురవ్వ పుట్టి, ఇంజను అందుకోవాలి. అందుకోలేదు. "గుర్ర్‌ర్" అని ఒక నిట్టూర్పు విడిచి తాడుని మళ్ళీ లోపలికి లాక్కుంది. పదిసార్లు లాగాను. ఇరవై. ముప్ఫై దాటాక లెక్క తప్పింది, చొక్కా తడిసింది, కుడి భుజం నాది కాదన్నట్టు అయిపోయింది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఏమండీ, అందులో పెట్రోలుందా?" అంది.

ఆ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండింది. అంత చిన్న విషయం చూసుకోకుండా మొదలుపెడతానా? "ఉంది" అన్నాను గంభీరంగా. తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళాక మూత తీసి చూశాను. నిజంగానే ఉంది. కాకపోతే అది ఎప్పటి పెట్రోలో! రంగు చూస్తే కషాయం, వాసన చూస్తే తలుపులకి కొట్టే వార్నిష్. పెట్రోలు నెలల తరబడి నిలవుంటే అందులో తేలిగ్గా మండే భాగం ముందు ఆవిరైపోతుందట, మిగిలింది జిగురుగా మారి సన్నని రంధ్రాలన్నిట్లో పట్టేస్తుందట. ఇదంతా మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంది. నేను మాత్రం పుస్తకాలు చూసి రిపేర్లు చేసే రకం కాదు.

పాతది పారబోసి కొత్తది తెచ్చాను. ఊరికే పెట్రోలు పోస్తే సరిపోదు, ఇది టూ స్ట్రోక్ ఇంజను, దీనికి విడిగా ఇంజనాయిలు ఉండదు, పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. కలపకపోతే లోపల పిస్టన్ ఒరుసుకుని పట్టేస్తుంది, ఎక్కువ కలిపితే పొగ, మసి. ఈ మిషన్‌కి 25:1, అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లని మూత మీదే అచ్చేసి ఉంది. (కొత్త మిషన్లు చాలావాటికి 50:1, లీటరుకి 20 మిల్లీలీటర్లే.) కొలవడానికి ఇంట్లో అంత చిన్న కొలత ఏముంటుంది? పిల్లాడి దగ్గు మందు సీసా మీద ఉండే 10 మిల్లీలీటర్ల కప్పు కనిపించింది. నాలుగు కప్పులు పోశాను. ఆ కప్పు గురించి తర్వాత ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

లాగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బావమరిదికి ఫోన్ చేశాను. "నా దగ్గరున్నప్పుడు బానే ఉండేది బావా, నీ మిషన్‌కి ఏమైందో మరి. లాగు బావా లాగు, కొంచెం గట్టిగా లాగాలి దాన్ని" అన్నాడు. పొద్దున "నీదే అనుకో" అన్నవాడు సాయంత్రానికే ఏ అనుకోవడమూ లేకుండా "నీ మిషన్" అనేశాడు. గమనించాను గానీ పట్టించుకోలేదు.

రెండో రోజు పానా, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. ముందు నిప్పు ఉందో లేదో చూడాలి కదా. స్పార్క్ ప్లగ్ విప్పాను, నల్లగా బొగ్గుముక్కలా ఉంది, గరుకు కాగితంతో రుద్ది తెల్లబరిచాను. పరీక్ష ఎలా చెయ్యాలో నాకు తెలుసు: ప్లగ్‌కి దాని టోపీ తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి తాడు లాగితే కొసన నీలంగా మెరుపు రావాలి. వచ్చిందో లేదో నేను చూడలేదు, ఎందుకంటే ప్లగ్‌ని ఎక్కడ పట్టుకోకూడదో సరిగ్గా అక్కడే పట్టుకున్నాను. వేల వోల్టులుంటాయట ఆ క్షణంలో. నిప్పు ఉందని మాత్రం నా మోచెయ్యి సాక్ష్యం చెప్పింది.

దెబ్బ తగిలాక కూడా నాకు స్విచ్ మీదే అనుమానం. ఈ మిషన్లో ఆపే స్విచ్ చేసే పని తమాషాగా ఉంటుంది, అది కరెంటుని ఆపదు, ఇంజను ఒంట్లోకి దారి మళ్ళిస్తుంది, దాంతో ప్లగ్‌కి అందక ఇంజను ఆగిపోతుంది. ఆ స్విచ్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగుల్తోందేమో, అందుకే రాను రానంటోందేమో అని దాన్ని మొత్తానికే పీకి పక్కన వేలాడేశాను. తర్వాత పెడదాంలే అనుకున్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపలి స్పాంజి వేలు తగలగానే పొడుం పొడుం అయిపోయింది. సైలెన్సర్లో కందిరీగ మట్టి గూడు కట్టుకుంది. పొగ బయటికి పోవడానికి దారే లేదు, పోనీ గాలి లోపలికి పోవడానికైనా దారి ఉందా అంటే అదీ అంతంతమాత్రం. మా బావమరిది దగ్గర బానే ఉండేదట. కందిరీగకి బాగుండి ఉంటుంది.

ఇక మిగిలింది కార్బురేటర్, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించేది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది, అంతే, దాని కోసం ఒక పూటంతా పోయింది. పైన నాలుగు స్క్రూలు విప్పితే పలచటి రబ్బరు పొర ఒకటి, మెత్తగా ఉండాల్సింది కాస్తా ఎండుటాకులా గరగరలాడుతోంది. దాని కింద బుల్లి లివరు, లివరు కింద ఇంకా బుల్లి స్ప్రింగు. ఆ స్ప్రింగు అక్కడుందని నాకు ఎప్పుడు తెలిసిందంటే అది నా చెవి పక్కనుంచి "టింగ్" మని ఎగిరి వెళ్ళినప్పుడు. బియ్యపు గింజలో సగం ఉంటుంది. అందరం నేల మీద పడ్డాం. మా ఆవిడ చీపురుతో, నేను టార్చితో, మావాడు అయస్కాంతంతో. అయస్కాంతానికి మూడు గుండుసూదులు, ఒక మేకు, చీపురుకి ఎప్పుడో పోయిన చెవి దిద్దు శీల దొరికాయి. ఆ శీల దొరికినందుకు మా ఆవిడ ఎంత సంతోషించిందంటే ఆ తర్వాత స్ప్రింగు గురించి ఎవరూ వెతకలేదు. రాత్రి స్నానానికి వెళ్తూ చూసుకుంటే నా ముంజేతికి అంటిన గ్రీజులోనే ఉంది మహానుభావుడు.

మూడో రోజు కొత్త రబ్బరు పొర, కొత్త పెట్రోలు పైపులు తెచ్చి అన్నీ బిగించాను. మామూలుగా ఇలాంటి పనుల్లో చివరికి ఒక స్క్రూ మిగిలిపోతుందంటారు. నాకు ఒకటి తక్కువైంది. ఎలాగో ఇప్పటికీ తెలియదు.

కార్బురేటర్ పక్కన రబ్బరు బుడిపె ఒకటుంటుంది, దాన్ని ఏడెనిమిది సార్లు నొక్కితే ట్యాంకులోంచి పెట్రోలు పైకొచ్చి అందులో కనపడాలి. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. బుడిపె ఖాళీ. మావాడు ట్యాంకులోకి తొంగిచూసి "నాన్నా, లోపల చేప ఉన్నట్టు బుడగలొస్తున్నాయి" అన్నాడు. "గాలి బయటికి పోతోందిరా, మంచిదే" అన్నాను. నాకు తెలిసినంతలో అది శాస్త్రీయమైన జవాబే. వాడు ఊరుకోకుండా, "రెండు పైపులూ ఒకేలా ఉన్నాయి కదా, అటుదిటు పెట్టేశావేమో" అన్నాడు. ఛ, అలా ఎందుకు పెడతాను అని, వాణ్ణి మంచినీళ్ళు తెమ్మని పంపి, చూసుకుంటే అలాగే పెట్టాను. ట్యాంకులోంచి పీల్చే పైపుని తిరిగి పోసే చోట, పోసేదాన్ని పీల్చే చోట. పాపం బుడిపె, నేను నొక్కినప్పుడల్లా పైన గాలి పీల్చి కింద పెట్రోల్లోకి ఊదుతోంది. మార్చి నొక్కితే నాలుగో నొక్కుకే పెట్రోలు నిండింది. వాడు నీళ్ళు తెచ్చి నా మొహం చూసి ఏమీ అనలేదు, ఆ అనకపోవడం వాళ్ళమ్మ పోలిక.

చోక్ (ఇంజనులోకి గాలి వెళ్ళే దారిని మూసే లివరు) మూసి లాగాను. ఆరోసారికి "డబ్" అంది! మూడు రోజుల్లో మొదటి మాట. ఆ ఒక్క దగ్గు రాగానే చోక్ తెరిచి లాగాలి, అలా కాకుండా ఆ ఉత్సాహంలో నేను మూసే ఉంచి ఇంకో పాతికసార్లు గుంజాను. ప్లగ్ విప్పితే పెట్రోల్లో ముంచి తీసినట్టుంది. ఆరబెట్టి, తుడిచి, ప్లగ్ లేకుండా నాలుగు సార్లు లాగి లోపలి తడి పోగొట్టి, మళ్ళీ బిగించాను. ఇంతలో కసికొద్దీ కార్బురేటర్ మీదున్న స్క్రూలని కూడా తలా ఒక తిప్పు తిప్పాను. ఏది దేనికో తెలియదు, దేన్నీ వదిలిపెట్టకూడదనిపించింది.

లాగాను. అందుకుంది!

ఆ చప్పుడు వర్ణించలేను. వెయ్యి తుమ్మెదలకి ఒకేసారి కోపమొచ్చినట్టు. నీలం పొగ, ఊడిపడిన మట్టి గూడు, చప్పట్లు కొడుతున్న మావాడు. స్క్రూలు తిప్పిన పుణ్యమా అని కింద వైరు కూడా నేను రేజ్ ఇవ్వకుండానే గిర్రున తిరుగుతోంది. గడ్డి కోసుకుంటూ పోయాను. అర్ధగంటలో పెరడు నున్నగా అయిపోయింది. ఇక చాలని స్విచ్ నొక్కాను.

ఆగలేదు.

మళ్ళీ నొక్కాను. పక్కన వేలాడుతున్న వైరు అప్పుడు కనిపించింది, నన్ను చూసి ఊగుతోంది. మూడు రోజులు మొదలవ్వనని మొండికేసింది ఇప్పుడు ఆగనంటోంది. కింద పెడదామంటే నైలాన్ వైరు తిరుగుతోంది, పట్టుకుని నిలబడదామంటే చేతులు వణికిపోతున్నాయి, ఊరికే నిలబడడం ఎందుకని గోడ పక్క పిచ్చి మొక్కలు కొట్టాను, తర్వాత పిచ్చివి కాని మొక్కలు కూడా కొన్ని వెళ్ళిపోయాయి. అటు గుమ్మం దగ్గర మా ఆవిడ చేతులూపుతోంది. మెచ్చుకుంటోందనుకుని నేనూ తలూపాను. మిషన్ నడుస్తుంటే 15 మీటర్ల దూరంలో ఎవరూ ఉండకూడదని పుస్తకంలో ఉందట, అందుకని సరిగ్గా అంత దూరంలో నిలబడి ఆ పుస్తకాన్నే తెరిచి రెండు చేతులతో పైకెత్తి నాకు చూపిస్తోంది. అంత దూరం నుంచి అక్షరాలెలా కనపడతాయి? చివరికి ఒక చేత్తో ముక్కు గట్టిగా మూసుకుని చూపించింది. పొగ వాసనేమో అనుకున్నాను. రెండోసారి ముక్కు మూసుకుని, నాలుక బయటపెట్టి, తల వాల్చేసింది. అప్పుడు వెలిగింది. చోక్! గాలి మూసేస్తే అదే ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. లివరు మూశాను. రెండు గుటకలు మింగి, కళ్ళు తేలేసి, ఆగిపోయింది.

చెవుల్లో ఇంకా తుమ్మెదలు తిరుగుతుండగానే ఫోన్ మోగింది. మావాడు అదంతా వీడియో తీసి వాళ్ళ మావయ్యకి పంపేశాడట.

"ఏం బావా!" అన్నాడు బావమరిది, గొంతులో ఎంత ప్రేమో. "మన మిషన్ అదరగొడుతోందిగా! మా ఇంటి దగ్గర కూడా గడ్డి పెరిగిపోయింది."