కూర్చుంటే కోతేనా?

ఒడిశాలోని మన బరంపురం బడబజారులో ఒక చీరల షోరూములో, లోపల స్టాకు గది తలుపుకి అతికించిన నోటీసు ఫొటో ఈ వారం ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది. పైన ఒడియాలో, కింద తెలుగులో ఒకటే మాట. డ్యూటీ టైములో కౌంటరు దగ్గర కూర్చున్నట్టు సీసీ కెమెరాలో కనపడితే సగం రోజు జీతం కోత. కౌంటర్ల వెనక ఉండే ప్లాస్టిక్ స్టూళ్ళు కూడా అదే రోజు మాయమయ్యాయి. మేమొస్తే కూడా లేవకుండా కూర్చున్నారని ఎవరో కస్టమరు ఫిర్యాదు చేశారట.

షాపు పేరు మేం రాయడం లేదు. రాస్తే తప్పంతా ఆ ఒక్కరిదేనని మిగతా బజారు చేతులు దులిపేసుకుంటుంది. అసలు మాకు ఒళ్ళు మండించింది నోటీసు కాదు, దాని కింద వచ్చిన మెసేజ్‌లు. మంచి పని చేశారని ఒకరు, మా దగ్గర కూడా పెట్టాలని ఇంకొకరు, ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదని మరొకరు. వ్యాపారులు రాశారంటే సరే. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, పొద్దస్తమానం ఫోను పట్టుకుని సోఫా దిగని పెద్దమనుషులు కూడా రాశారు. అందరూ కూర్చునే రాసి ఉంటారు.

ఆ పిల్లల రోజు ఎలా గడుస్తుందో బజారుకెళ్ళే అందరికీ తెలిసిందే, చూడం అంతే. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు లేస్తే రాత్రి తొమ్మిదికి దిగుతుంది. చెప్పులు బయట విప్పి వట్టి కాళ్ళతో పాలరాయి మీద నిలబడాలి. చీర విప్పాలి, భుజం మీద వేసుకుని పైట పరిచి చూపించాలి, మళ్ళీ ముడత పడకుండా మడత పెట్టాలి. ఒక కుటుంబం వచ్చి పరుపు కుర్చీల్లో కూర్చుని, కూల్‌డ్రింకులు తాగి, నలభై చీరలు విప్పించి, మళ్ళీ వస్తామని లేచి వెళ్తుంది. దానికి కూడా నవ్వుతూనే తల ఊపాలి. అది పని, చెయ్యాల్సిందే, ఎవరూ కాదనరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఎండకి బజారులో పురుగు కూడా ఉండదు. ఆ రెండు గంటలు ఎందుకు నిలబడాలి? ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలి మడమ మొదటి పాదం మీద ఆనించి, వీపు బీరువాకి చేరవేసి, గల్లా దగ్గర షావుకారు తలెత్తగానే నిటారుగా సర్దుకోవడం ఆ పిల్లలు మొదటి వారంలోనే నేర్చుకుంటారు. రెండో వారంలో నీళ్ళు తక్కువ తాగడం నేర్చుకుంటారు, మాటిమాటికీ బాత్రూముకి వెళ్తే అదొక మాట పడాలి కనుక. కొన్నేళ్ళకి పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి, సాయంత్రానికి పాదాలు వాస్తాయి, నడుం పట్టేస్తుంది. దాన్ని ఎవరూ ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బు అనరు. ఆడవాళ్ళకి మామూలే అంటారు.

వ్యాపారుల మాట కూడా వినాలి కదా. ఆన్‌లైన్ దెబ్బకి బేరాలు తగ్గాయి, కస్టమరుకి మర్యాద తగ్గితే పక్క షాపుకి పోతారు, కూర్చోనిస్తే ఫోన్లు చూసుకుంటారు అంటున్నారు. ఫోను చూస్తే ఫోను వద్దని చెప్పండి. దానికి స్టూలు ఏం చేసింది?

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఊరి ద్వంద్వ నీతి. బరంపురానికి పేరు తెచ్చింది కూర్చుని చేసిన పని. దేవాంగుల వీధుల్లో గుంట మగ్గంలో కాళ్ళు దించి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా కూర్చుని నేసిన పట్టుకే 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర అంచు మీద ఆ గుడి శిఖరాల వరస నిలబడి నేస్తే వచ్చింది కాదు. పాతకాలం పట్టు కొట్లలో అమ్మేవాడు కూడా కూర్చునేవాడు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద షావుకారు, గుమస్తా, కొనేవాళ్ళు అందరూ మఠం వేసుకునేవారు. చీరలు వాళ్ళ మధ్యన పరుచుకునేవి. ఎవరి మర్యాదా తగ్గలేదు, ఎవరి బేరమూ చెడలేదు. గాజు కౌంటర్లు, ఏసీలు, కెమెరాలు వచ్చాకే అమ్మే మనిషి నిలబడాలన్న రూలు వచ్చింది. దాన్ని మనం సంప్రదాయం అంటున్నాం, కష్టపడే తత్వం అంటున్నాం. రెండూ కాదు. నిన్నగాక మొన్న తెచ్చిపెట్టుకున్న దర్జా అది. ఆ దర్జా కస్టమరుకి, నొప్పి అమ్మాయికి.

అదే చీర. నేసినవాడు కూర్చుంటే కళాకారుడు. కొనేవాడు కూర్చుంటే కస్టమరు. డబ్బు లెక్కపెట్టేవాడు కూర్చుంటే యజమాని. మధ్యలో దాన్ని విప్పి చూపించే పిల్ల కూర్చుంటే సోమరి!

చట్టం ఏమంటుందో చూద్దాం. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి సందు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులోనే రాశారు. ఇప్పుడు నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా నిలబడి పనిచేసేవారికి కూర్చునే సదుపాయం యజమాని బాధ్యతేనని ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి అది వర్తిస్తుంది. బడబజారులో పెద్ద షోరూముల సంగతి ఇక చెప్పక్కర్లేదు. నలుగురైదుగురితో నడిచే చిన్న కొట్లలో పిల్లలకు ఆ నీడ కూడా లేదు. వాళ్ళ కాళ్ళు మాత్రం వేరేనా?

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు మొదట మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చోవడం కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. వాళ్ళని కూడగట్టిన విజి స్వయానా దర్జీ. చివరకు 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. బట్టల వ్యాపారానికి పెట్టింది పేరైన తమిళనాడులో చీరల కొట్లు ఏవీ దీనివల్ల మూతపడలేదు. ఒడిశా కూడా 2025లో తన దుకాణాల చట్టాన్ని సవరించుకుంది. రోజుకి పని తొమ్మిది గంటల నుంచి పది గంటలు చేసింది, మూడు నెలల్లో ఓవర్‌టైము పరిమితిని 144 గంటలకు పెంచింది. గంటలు పెంచడానికి అంత తొందరపడిన ప్రభుత్వం, ఆ గంటలు ఏ భంగిమలో గడవాలో కూడా ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది.

వి.వి. గిరి మన ఊళ్ళో పుట్టారని అవకాశం దొరికితే చాలు చెప్పుకుంటాం. 1894 ఆగస్టు 10న ఇక్కడి తెలుగింట పుట్టిన మనిషి రైల్వే కార్మికుల సంఘం నడిపారు, దేశవ్యాప్త కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షులయ్యారు, బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదిలేశారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. సభల్లో మన వక్తలు రాష్ట్రపతి దగ్గరే ఆగుతారు. కార్మిక నాయకుడన్న మాట నోట రాదు, వస్తే వేదిక మీద దండ వేస్తున్న వ్యాపార ప్రముఖుడికి ఇబ్బంది. గిరిగారి ఊళ్ళో కూర్చున్నందుకు జీతం కోస్తారు, మనం లైకులు కొడతాం.

మొన్న 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి డెబ్భై గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ అధిపతి తొంభై గంటల మాట, ఆదివారాల మాట ఎత్తారు. టీవీల్లో వారాలపాటు చర్చ. మన ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ పిల్లల తల్లిదండ్రులు పాపం పిల్లలకు ఎంత టెన్షనో అని బాధపడ్డారు. బాధ న్యాయమైనదే. బడబజారు కౌంటరు వెనకున్న పిల్ల మాత్రం ఆదివారం పూటా షట్టరు లేస్తే ఎప్పుడో డెబ్భై దాటేసింది. ఆమె గంటల మీద ఏ చానెలూ చర్చ పెట్టలేదు. మన గంజాం జిల్లా కుర్రాళ్ళు వేలకు వేలు సూరత్ మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు చేస్తారు. అదే ఇంటి ఆడపిల్లలు ఇక్కడ చీరల కొట్లలో నిలబడతారు. అక్కడ అన్న నేసింది పోలియెస్టరు, ఇక్కడ చెల్లి అమ్మేది కూడా చాలాసార్లు అదే. ఇద్దరూ పగలంతా కాళ్ళ మీదే. ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదని మెసేజ్ పెట్టిన పెద్దమనిషికి ఈ పిల్లలు కనపడలేదంటే, ఆయన దృష్టిలో పిల్లలంటే తన ఇంట్లోవాళ్ళే అన్నమాట.

ఇంకో రెండు వారాల్లో ఒడియావాళ్ళ రజ పండగ. మూడు రోజులు భూదేవికి విశ్రాంతి అంటారు. నాగలి కట్టరు, పొలం తవ్వరు. ఆడవాళ్ళు రోలు, తిరగలి ముట్టుకోరు, నేల మీద వట్టి పాదం కూడా మోపకూడదని పట్టింపు. ఉయ్యాలలూగాలి, పోడపిఠా అనే పిండివంట తినాలి, తాంబూలం వేసుకోవాలి. తరాలుగా ఒడియావాళ్ళ మధ్య బతుకుతున్న తెలుగువాళ్ళం మనం కూడా ఆ పిండివంటలు అందుకుంటున్నాం, పిల్లలకు ఉయ్యాల కడుతున్నాం. అయితే బజారులో రజ అంటే ఏమిటి? రజ సేల్, రజ స్పెషల్ డిస్కౌంటు, రాత్రి పదిన్నర దాకా షట్టరు. ఆడవాళ్ళకి విశ్రాంతినిచ్చే పండగ పేరు మీద ఆడవాళ్ళని ఇంకో గంటన్నర నిలబెడతాం. అదీ వట్టి పాదాలతో. మట్టికి ఇచ్చిన సెలవు మనిషికి ఇవ్వలేని భక్తిని ఏమనాలి?

దీన్ని ఒక్క షాపు గొడవగా కొట్టిపారేసేవాళ్ళకి ఒక మాట. నోటీసు బాగుందని మెచ్చుకున్నవాళ్ళలో ఎంతమంది తమ ఇంట్లో పనిచేసే మనిషిని కుర్చీలో కూర్చోమన్నారు? టీ ఇచ్చినా గ్లాసు వేరు, కూర్చునేది గుమ్మం దగ్గర. అపార్ట్‌మెంటు కమిటీలు వాచ్‌మన్‌కి కుర్చీ వేస్తే నిద్రపోతాడని గంటసేపు మీటింగు పెడతాయి, మీటింగులో అందరికీ కుర్చీలే. పెళ్ళిలో వడ్డించేవాళ్ళు బంతులన్నీ అయ్యాక వెనక గిన్నెల దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగుతారు. తహసీలు ఆఫీసులో పెన్షన్ కోసం వచ్చిన ముసలావిడ చేతులు కట్టుకుని నిలబడుతుంది, ఎదురుగా ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోదు, కూర్చోమని అటునుంచి మాట రాదు. ఎదుటివాళ్ళు నిలబడి ఉంటేనే మన పెద్దరికం నిలబడుతుందని ఎక్కడో లోపల నమ్మకం. దానికి పని సంస్కృతి అని కొత్త పేరు పెట్టి షోరూములో కెమెరా బిగించారు.

పైగా ఇది ఆ షాపుతో ఆగేది కాదు. ఈ వారం ఒక చోట స్టూళ్ళు తీశారు. మెచ్చుకోలు చూసి వచ్చే వారం మందుల షాపువాడు తీస్తాడు, నగల కొట్టువాడు తీస్తాడు, సూపర్ మార్కెట్ బిల్లింగు దగ్గర కూడా తీస్తారు. ఆ తర్వాత నిలబడి పనిచేయనంటే ఉద్యోగానికి పనికిరారని ఇంటర్వ్యూలోనే అడుగుతారు. జీతం కోత అన్నది ఎంత తేలిగ్గా రాశారో గమనించండి. రూలు పుస్తకంలో లేని శిక్ష, గోడ మీద కాగితం చాలు. రేపు దగ్గితే కోత, నవ్వకపోతే కోత. అప్పుడు కూడా లైకులు కొడతామా?

జిల్లా లేబర్ ఆఫీసు ఈ నోటీసుని ఇప్పటిదాకా చూడలేదని అనుకోవడం కష్టం. ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. ఫిర్యాదు వస్తే చూస్తామన్న పాత పాట ఇక్కడ పనికిరాదు. నెల జీతం మీద ఇల్లు నడిపే పిల్ల షావుకారు మీద కంప్లయింటు రాసి సంతకం పెడుతుందా? కోడ్ వర్తించే షాపులెన్నో, వాటిలో కూర్చునే ఏర్పాటు ఎక్కడుందో, జీతాల్లోంచి ఏ పేరుతో ఎంత కోస్తున్నారో ఆఫీసువాళ్ళే వెళ్ళి చూసి రాసుకోవాలి. వర్తకుల సంఘం కూడా నోరు విప్పాలి. రజ సేల్ ఫ్లెక్సీల మీద సంఘం నాయకుల ఫొటోలు వేసుకోవడానికి తీరిక ఉన్నప్పుడు, సభ్యులకి ఒక సర్క్యులర్ పంపడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్కో స్టూలు ఖరీదు ఒక మామూలు కాటన్ చీర పాటి ఉండదు.

ఇక కొనడానికి వెళ్ళేవాళ్ళం. ఫిర్యాదు చేసింది మనలోనే ఒకరు. ఈసారి షాపులోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుని కనపడితే ముఖం మాడ్చుకోకండి, మేనేజరు కోసం చూడకండి. నలభై చీరలు విప్పించి ఒక్కటి కూడా కొనకుండా లేచి వెళ్ళేది మీరు. సోమరితనం గురించి ఆ పిల్లకి చెప్పే ముఖం మీకు లేదు.