ఉభయకుశలోపరి: ఒలింపిక్ కట్టడాల బొమ్మల గ్రంథానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బొమ్మల గ్రంథం గారి దివ్య సముఖమునకు, మీ బరువు మోస్తున్న టీపాయ్ యజమాని నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. టీపాయ్ కాలు ఒకటి కొంచెం పక్కకి ఒరిగింది. అందులో మీ తప్పేమీ లేదు. నాలుగు కిలోల పుస్తకాన్ని జనం చదవడానికి కాదు, వచ్చినవాళ్ళకి కనపడేలా పెట్టుకోవడానికి కొంటారని ఆ కాలుకేం తెలుసు పాపం.

నేను రిటైరైన రోజున ఆఫీసు వాళ్ళు మిమ్మల్ని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. ముప్పై ఏళ్ళు సైట్ ఇంజనీరుగా ఎండలో నిలబడ్డ మనిషికి, ఇకనైనా నీడన కూర్చుని కట్టడాలు చూసుకోమని వాళ్ళ ఉద్దేశం కాబోలు. చూశాను. మొదటి పుట నుంచి చివరి పుట దాకా మూడుసార్లు చూశాను. అప్పుడే మీకొక ఉత్తరం రాయక తప్పదనిపించింది. ఎందుకంటే మీరు 2014లో అచ్చయ్యారు. అప్పటి నుంచి అట్టల మధ్యే ఉన్నారు. మీ కడుపున దాచుకున్న స్టేడియాలు ఇప్పుడెలా ఉన్నాయో మీకు చెప్పే నాథుడు లేడు. కొన్ని సంగతులు మీకు అప్పటికే తెలుసనీ, తెలిసీ నోరు మెదపలేదనీ నాకు అనుమానం ఉంది. అయినా పెద్దవారు, నాలుగు కిలోల వారు, మిమ్మల్ని నిలదీయడం మర్యాద కాదు.

ముందుగా మీ ఫోటోల సంగతి. అన్నీ పెళ్ళిచూపుల ఫోటోలే. ఆకాశం ఎప్పుడూ నీలం. మూడు వందల పైచిలుకు పుటల్లో ఒక్క చినుకు రాలదు. సగం ఫోటోలు హెలికాప్టర్‌లోంచి తీసినవి. టికెట్ కొన్న మనిషెవడూ స్టేడియాన్ని అక్కడి నుంచి చూడడండీ. అతనికి కనపడేది ముందు వరుస ఆసామి బట్టతల, పక్కనొక స్తంభం, దూరంగా టాయిలెట్ ముందు క్యూ. మరి మీలో మనుషులే లేరా అంటే, 87వ పుటలో ఒకతను ఉన్నాడు. గోడ ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టారు. మేము సైట్లో ఫోటో తీస్తే కొలత తెలియడానికి పక్కన టేపు పెట్టేవాళ్ళం. మీరు మనిషిని పెట్టారు.

"ఈ కట్టడం ప్రకృతితో సంభాషిస్తుంది" అని మూడు చోట్ల రాశారు. ప్రకృతి తిరిగి ఏమందో మాత్రం ఎక్కడా రాయలేదు. నాకు తెలిసినంతవరకు ప్రకృతి మాట్లాడేది ఒక్కసారే, అదీ మొదటి వానకి, కప్పు సందులోంచి. నా ఉద్యోగమంతా ఆ ఒక్క సంభాషణతోనే గడిచిపోయింది. కప్పు ఉరుస్తోందా, లేదా? భవనం గురించి నాకు తెలిసిన పెద్ద ప్రశ్న అదే. కాబట్టి మిగతా తత్వశాస్త్రం మీకే వదిలేసి, మీ వాళ్ళ కప్పుల క్షేమసమాచారాలు మాత్రం విన్నవిస్తాను.

కెనడాలోని మాంట్రియల్ స్టేడియంతో మొదలుపెడతాను. ఆయనకి మీరు పన్నెండు పుటలిచ్చారు. పైన 1976 అని వేసి, కింద ఆ వాలిన గోపురం ఫోటో నిండుగా పరిచారు. ఎంత ధైర్యమండీ మీది! 1976 జూలై 17న ఆటలు మొదలైనప్పుడు ఆ గోపురం ఇంకా మొండి గోడే. పూర్తయింది 1987లో. 45 డిగ్రీలు వాలి 165 మీటర్లు లేచిన ఆ గోపురం ఉద్యోగమేమిటంటే, పైనుంచి తాళ్ళతో స్టేడియం కప్పును గొడుగులాగా పైకి లాగడం, మళ్ళీ దించడం. ఊహగా చూస్తే నాకూ ముచ్చటగానే ఉంది. దాన్ని గీసిన ఫ్రెంచి ఆర్కిటెక్టు రోజే టయిబేర్ సామాన్యుడు కాడు. కానీ గొడుగు గుడ్డ గాలికి చిరగడం మొదలైంది. 1998లో దాన్ని తీసేసి కదలని కప్పు వేశారు. 1999 జనవరిలో మంచు బరువుకి అదీ చిరిగి, కింద కార్ల ప్రదర్శనకి ఏర్పాట్లు చేసుకుంటున్నవాళ్ళ మీద మంచు కుప్పగా పడింది. అంతకుముందు 1991లో 55 టన్నుల కాంక్రీటు దూలం ఒకటి ఊడిపడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. ఇవన్నీ మీరు అచ్చు కాకముందు జరిగినవే. పన్నెండు పుటల్లో ఒక్క చిరుగుకైనా చోటు దొరకలేదా?

మీ తర్వాతి సంగతులు కూడా చెప్తాను. 2024 నాటికి ఆ కప్పుకి 20,000కు పైగా చిరుగులు లెక్క తేలాయి. పైన మూడు సెంటీమీటర్ల మంచు దాటితే లోపల కార్యక్రమం పెట్టడానికి వీల్లేకపోయింది. కెనడాలో, చలికాలంలో! చివరికి 2024లో 87 కోట్ల కెనడా డాలర్లతో ఇంకో కొత్త కప్పు వేస్తామని ప్రకటించారు. మూడోసారి లగ్నం పెట్టుకున్నారన్నమాట.

డబ్బు మాట ఎత్తితే మీ నున్నటి కాగితం నలుగుతుందేమో, అయినా ఒక్క ముక్క. అప్పటి మేయరు జాఁ డ్రాపో ఒలింపిక్స్‌కి లోటు రావడమంటే మగవాడికి కాన్పు కావడమే అన్నాడు. తర్వాత ఒక కార్టూనిస్టు ఆ మేయరుకే నెలలు నిండిన పొట్ట పెట్టి బొమ్మ గీశాడు. అప్పు తీరింది 2006లో, ఆటలయిన ముప్పై ఏళ్ళకి. చాలా భాగం సిగరెట్ల మీద పన్నుతో. అంటే అక్కడ పొగ తాగిన ప్రతివాడూ ఆ స్టేడియానికి ఒక ఇటుక పేర్చినట్టే. గుండ్రంగా ఉందని ఊరివాళ్ళు దానికి 'బిగ్ ఓ' అని ముద్దుపేరు పెట్టారు. ఇంగ్లీషులో 'ఓ' అంటే బాకీ పడటం కూడా కదా. పలుకు మార్చకుండా అర్థం మార్చుకుని అదే పేరుతో పిలిచారు. "రివైజ్డ్ ఎస్టిమేట్" అన్న మాట లేకుండా మాంట్రియల్ గురించి పన్నెండు పుటలు రాయడం మాత్రం మీకే చెల్లింది.

పక్షిగూడని పిలిచే బీజింగ్ స్టేడియం బాగానే ఉంది. 2008లో ప్రారంభోత్సవం చేసిన చోటే 2022 చలికాలం ఆటలకీ చేశారు. కానీ ఆ గూటి కథలో నాకు బాగా నచ్చిన భాగాన్ని మీరు వదిలేశారు. తెరుచుకుని మూసుకునే కప్పు ఒకటి వేద్దామనుకున్నారు. దాన్ని మోసే లావుపాటి దూలాలు కనపడకూడదని, వాటి చుట్టూ అడ్డదిడ్డంగా ఉక్కు కడ్డీలు అల్లుదామనుకున్నారు. 2004లో ఖర్చు తగ్గించడానికి ఆ కప్పే ఎత్తేశారు. దాచాల్సిన వస్తువు పోయింది, తెర మాత్రం మిగిలింది. ఆ తెరనే ప్రపంచమంతా ఫోటో తీసుకుంది. నేనైతే దీన్ని ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి పాఠంగా చెప్తాను. అన్నట్టు ఆ గూటికి నలభై వేల టన్నులకు పైగా ఉక్కు పట్టింది. మీ చివరి పుటలో కృతజ్ఞతలు చూశాను. ఆర్కిటెక్టులున్నారు, ఫోటోగ్రాఫర్లున్నారు, కాగితం ఇచ్చిన కంపెనీ కూడా ఉంది. వెల్డరు ఒక్కడూ లేడు. గూడు పక్షులే అల్లుకున్నాయి కాబోలు.

లండన్ ఈత కొలను భవనం గురించి మీరు "నీటి అలకి ఇచ్చిన రూపం" అన్నారు. నిజమే, ఆర్కిటెక్టు జాహా హదీద్ గీసిన ఆ కప్పు అలలాగే వంగుతుంది. 2012 ఆటల కోసం రెండు పక్కలా తాత్కాలికంగా రెక్కలు తగిలించి 17,500 సీట్లు సర్దారు. అల కిందికి వంగిన చోట పై వరుసల వాళ్ళకి పది మీటర్ల డైవింగ్ గట్టు సరిగ్గా కనపడలేదు. అంటే మనిషి నీళ్ళలో పడటం కనపడుతుంది, ఎక్కడి నుంచి పడ్డాడో తెలియదు. ఆటలయ్యాక రెక్కలు ఊడదీసి, 2014 నుంచి మామూలు జనాన్ని ఈదనిస్తున్నారు. అది మంచి పని, ఒప్పుకుంటాను. మీ ఫోటోలో మాత్రం కొలను అద్దంలా ఉంది. తడిసినవాడు ఒక్కడూ లేడు.

ఏథెన్స్‌లో స్పెయిన్ ఆర్కిటెక్టు కలత్రావా 2004 ఆటల కోసం వేసిన జంట కమానుల కప్పు మీ అట్ట మీదే ఉంది కదా. 2023లో ఆ కప్పు క్షేమం కాదని స్టేడియం మూసేశారు. పాత విమానాశ్రయంలో కట్టిన సాఫ్ట్‌బాల్ మైదానంలో కలుపు మొలిచింది. అదే ఊళ్ళో 1896 ఆటలు జరిగిన పాలరాతి స్టేడియం నిక్షేపంలా ఉంది. దానికి కప్పు లేదు.

రియో 2016కి మీ దగ్గర ఊహాచిత్రాలు మాత్రమే ఉన్నాయి. ఒలింపిక్ పార్కు అంచున పచ్చటి చెట్లు చక్కగా వేశారు. అక్కడ విలా ఆటోడ్రోమో అనే బస్తీ ఉండేది. దాదాపు 600 కుటుంబాలు. ఆటలు మొదలయ్యేసరికి మిగిలినవి ఇరవై. బొమ్మలో చెట్టు నాటడం ఎప్పుడూ తేలికేనండీ.

మీరు సరిగ్గా పట్టించుకోని బిడ్డ ఒకడున్నాడు, మ్యూనిక్. 1972. రెండంటే రెండు పుటలు ఇచ్చారు. ఉక్కు తాళ్ళ మీద పారదర్శకమైన పలకలు పరిచి, సాలెగూడులా కొండల మీంచి వాలినట్టుండే ఆ కప్పు ఆర్కిటెక్టులు ఫ్రై ఓటో, గుంటర్ బేనిష్‌ల చలవ. పక్కనున్న గుట్ట అసలు గుట్ట కాదు, యుద్ధంలో బాంబులకు కూలిన ఇళ్ళ శిథిలాలు పోసిన దిబ్బ. ఇప్పుడు జనం దాని మీద పిక్నిక్కులు చేసుకుంటున్నారు. కప్పు పలకలు పాతబడితే మార్చారు. తాడు కట్టుకుని ఆ కప్పు మీద నడిచి రావడానికి టికెట్ కూడా పెట్టారు. అంత హాయిగా బతుకుతున్నవాడికి రెండు పుటలే ఎందుకో నాకు అర్థమైంది. ఫోటోలో అడ్డంగా జనం వచ్చేస్తున్నారు.

ఇక టోక్యో. ఈ సంగతి మీకు కూర్చోబెట్టి చెప్పాలి. మీ మధ్యలో మడత విప్పితే నాలుగు పుటల వెడల్పున ఒక తెల్లటి స్టేడియం ఉంది చూశారా, "రాబోయే అద్భుతం" అని రాసి? అది రాలేదండీ. మీరు అచ్చయిన మరుసటి ఏడాదే పోయింది. అదీ హదీద్ గీసిందే. ఇసొజాకి అనే పెద్ద ఆర్కిటెక్టు దాన్ని చూసి, జపాన్ మునిగితే ఈదుకుంటూ పోదామని కాచుకుని కూర్చున్న తాబేలులా ఉందన్నాడు. 13,000 కోట్ల యెన్లలో అయిపోతుందన్న పని 25,200 కోట్లకు చేరింది. పెద్ద పెద్ద కమానుల మీద నిలిచే ఆ కప్పు అందులో ముఖ్య దోషి. 2015 జూలై 17న ప్రధాని షింజో అబే డిజైన్‌ను రద్దు చేశాడు. మాంట్రియల్ ఆటలు మొదలైన తారీకు కూడా జూలై 17 అని గుర్తుందా? నాకు ముహూర్తాల మీద నమ్మకం లేదు గానీ, ఈ తారీకున నేనైతే శంకుస్థాపన చేయను.

కట్టని కట్టడం కాబట్టి మీ అందరిలోకీ అదే అందంగా ఉంది. ఒక్క చుక్క ఉరవలేదు, ఉరవదు.

దాని బదులు ఆర్కిటెక్టు కెంగో కుమా గీసినది కట్టారు. జపాన్‌లోని 47 రాష్ట్రాల నుంచి కలప తెప్పించి చూరుకి వాడారు. అంతా చక్కగా కుదిరాక 2016లో తెలిసిందేమిటంటే, ఒలింపిక్ జ్యోతి ఎక్కడ పెట్టాలో ప్లానులో వేయలేదట. నేను మెట్లు మర్చిపోయి మేడ కట్టినవాళ్ళను చూశాను, వంటింటికి గుమ్మం మర్చిపోయినవాళ్ళను చూశాను. కానీ ఒలింపిక్ స్టేడియంలో జ్యోతి! ఆ వార్త చదివిన రోజు నా కింద పనిచేసిన కుర్రాళ్ళందరినీ మనసులో క్షమించేశాను.

అసలు విశేషం కుర్చీలు. అయిదు రంగుల కుర్చీలు కలగాపులగంగా వేశారు, అడవిలో ఆకుల సందుల్లోంచి ఎండ పడ్డట్టు. ఎవరూ కూర్చోకపోయినా దూరం నుంచి చూస్తే జనం నిండినట్టే ఉంటుంది. ఆటలు కోవిడ్ వల్ల 2021కి వాయిదా పడ్డాయి. ప్రేక్షకులను రానివ్వలేదు. 68,000 కుర్చీలు ఖాళీ, స్టేడియం నిండుగా ఉంది. గ్రంథం గారూ, మీ ఫోటోగ్రాఫర్లు ఇన్నేళ్ళుగా కలగంటున్న స్టేడియం అదే. మీరు ఆరేడేళ్ళు తొందరపడి అచ్చయ్యారు.

ఇక్కడితో ఆపుతాను. మలి ముద్రణకి వెళ్తే ఒక్క కోరిక. ఏదో ఒక స్టేడియంలో, వాన పడుతున్న రోజున, పై నుంచి మూడో వరుసలో కూర్చుని ఒక ఫోటో తీయించండి. హెలికాప్టర్ ఖర్చు కూడా మిగులుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ బరువెరిగిన
ఒక రిటైర్డ్ సైట్ ఇంజనీరు

తా.క. నిన్న టీపాయ్ తుడుస్తూ మిమ్మల్ని తెరిస్తే, మాంట్రియల్ పుటలో సరిగ్గా కప్పు మధ్యన పురుగు చిల్లు పెట్టి ఉంది. ముందు కంగారుపడి మందు చల్లబోయాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. మీలో ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్న బొమ్మ ఇప్పటికి అదొక్కటే. మందు చల్లలేదు.