‘ఆడ సర్పంచ్ దండగ’ అంటున్న మెసేజ్‌కి నా జవాబు

‘ఆడవాళ్ళకి పదవులు, ఊళ్ళకి శిక్ష’ అనే మెసేజ్ మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, చివరికి గుడి కమిటీ గ్రూపులోనూ వచ్చింది. పంపినవాళ్ళు తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే. కింద ‘నిజమే కదండీ’ అని ఒక దండం బొమ్మ. చూసీ చూడనట్టు ఊరుకుంటూ వచ్చాను. నిన్న మా మావయ్య కూడా పంపాడు. ఇక రాయకపోతే ఒప్పుకున్నట్టే అవుతుంది.

నేను పాలకొల్లు దగ్గర డ్వాక్రా సంఘాల లెక్కలు రాస్తాను. పంచాయతీ ఆఫీసుకి వెళ్ళకుండా నాకు వారం గడవదు. అక్కడ చూసిందే చెబుతాను.

మొదటి పాయింటు: ఆడవాళ్ళ నాయకత్వం విదేశీ సంస్థలు పేద దేశాల నెత్తిన రుద్దిన ఫ్యాషనట. మనకి 73వ రాజ్యాంగ సవరణ పార్లమెంటులో పాసైంది 1992లో. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి ఇమ్మన్నది అదే. మన రాష్ట్రం తనంతట తానే దాన్ని సగానికి పెంచుకుంది. నేపాల్‌లో 2017 స్థానిక ఎన్నికలప్పుడు మేయర్, డిప్యూటీ మేయర్ రెండు పదవులకీ పోటీపడే పార్టీ అందులో ఒకరిని ఆడమనిషినే నిలబెట్టాలని వాళ్ళ చట్టమే చెప్పింది. శ్రీలంకలో 1960లోనే సిరిమావో బండారనాయకె ప్రధాని అయ్యారు. ఈ పాయింటు మీద ఇంతకంటే టైము పెట్టను.

‘మన గోదావరి ప్రాంతంలో ఆడ నాయకులు ఎప్పుడూ లేరు’ అన్నది ఇంకో మాట. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ గారు స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకెళ్ళారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపేశారు. పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఇవి తెలియకుండా మన ప్రాంతం గురించి రాయడం ఏమిటి?

డబ్బు లెక్కలు ఆడవాళ్ళకి తెలియవు, డ్వాక్రా లీడర్లే డబ్బు తినేస్తారు అని మరో పాయింటు. ఇందులో రెండో సగం కొంత నిజమే. సభ్యులు తెచ్చి ఇచ్చిన కంతు బ్యాంకులో కట్టకుండా సొంతానికి వాడుకున్న లీడర్లు నాకు తెలుసు. నా ఉద్యోగానికి ఇబ్బందైనా ఇది దాచను. అయితే అది బయటపడింది ఎలాగనుకున్నారు? పాస్‌బుక్కులో ఎంట్రీ పడలేదని సంఘంలో ఆడవాళ్ళే పట్టుకున్నారు. మీటింగులో అందరి ముందూ అడిగి కట్టించారు. నర్సాపురం లేసు అల్లే ఇళ్ళలోకి వెళ్ళి చూడండి. ఎంత దారం ఇచ్చారు, ఎంత అల్లిక తిరిగి వెళ్ళింది, ఇంకా ఎంత బాకీ రావాలి, అన్నీ అల్లే ఆవిడ నోటి మీదే ఉంటాయి. లెక్క తెలియక కాదు, ధర చెప్పే చోట కుర్చీ లేకే నష్టపోయారు.

ఇక అసలు విషానికి వస్తాను. ‘గెలిచేది భార్య, నడిపేది భర్త. కాబట్టి రిజర్వేషన్ ఎత్తేసి సమర్థుడైన మగవాడికే ఇచ్చేస్తే ఈ నాటకం ఉండదు.’ అందరూ దండం పెట్టింది ఈ వాక్యానికే.

భర్త నడుపుతున్నాడన్నది నిజం. నేను కళ్ళారా చూస్తున్నాను. తీర్మానాల పుస్తకం ఇంటికి వెళ్తుంది. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర చేతులు కొంగుకి తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెడుతుంది. పేజీలో ఏముందో చదివే టైము ఇవ్వరు. బిల్లులు కదిలించే డిజిటల్ సంతకం కీ భర్త చొక్కా జేబులో ఉంటుంది, పిన్ నంబరూ ఆయనకే తెలుసు. మండలం ఆఫీసు నుంచి ఫోనొస్తే ఆయన నంబరుకే. పొరపాటున ఆవిడ ఎత్తితే ‘సర్పంచ్ గారున్నారామ్మా?’ అని ఆవిడనే అడుగుతారు. రేపు నిధుల్లో తేడా వస్తే నోటీసు మాత్రం ఆవిడ పేరు మీదే వస్తుంది.

ముసలి తల్లి పింఛను కొడుకు లాక్కుంటుంటే కొడుకుని నిలదీస్తామా, తల్లికి పింఛను ఆపేస్తామా? ఈ మెసేజ్ చెబుతున్నది ఆపెయ్యమనే. పైగా ఆ డబ్బేదో కొడుకు పేరు మీదే రాసెయ్యమంటోంది. ‘సమర్థుడైన మగవాడు’ అంటే ఎవరు మావయ్యా? ఇప్పుడు భార్య కుర్చీలో కూర్చున్నాడే, ఆయనే కదా. చట్టానికి విరుద్ధంగా చేస్తున్న పనిని చట్టబద్ధం చేసి పెట్టమంటున్నారు. ఇందులో ఊరికి ఒరిగేదేమిటి?

భర్తల పెత్తనం సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తర్వాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. భార్య పేరు చెప్పి పెత్తనం చేసేవాళ్ళ మీద గట్టి చర్యలుండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆడవాళ్ళని దించెయ్యమని చెప్పలేదు.

మా పక్క ఊళ్ళో ఎస్సీ మహిళకి రిజర్వైన సీటు. ఆవిడ మొదట్లో గ్రామసభలో బెంచీ చివర కూర్చునేది, కుర్చీలో భర్త. ఒకరోజు మంచినీళ్ళ మోటారు రివైండింగ్ బిల్లు వచ్చింది. ‘మోటారు బాగుచేస్తే మా వీధి కొళాయికి నీళ్ళు రావాలి కదా, ఇవాళ పొద్దున కూడా రాలేదు’ అని ఆవిడ సంతకం పెట్టలేదు. సెక్రటరీకి ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంట్లో పెద్ద గొడవైంది. అయినా అప్పటినుంచి కీ ఆవిడ దగ్గరే ఉంది. ఆ బిల్లు దొంగదని పట్టుకోవడానికి డిగ్రీ అక్కర్లేకపోయింది. రోజూ ఆ కొళాయి దగ్గర బిందె పెట్టే మనిషి కావడం పనికొచ్చింది.

అందుకే ‘ఆడ సర్పంచులు నీళ్ళూ డ్రైనేజీ అంటారు తప్ప పెద్ద పనులు చెయ్యరు’ అన్న పాయింటు చదివితే ఒళ్ళు మండింది. నీళ్ళు చిన్న పనా? గోదావరి పక్కనే ఉన్నాం కానీ సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పు. రొయ్యల చెరువులు వచ్చాక ఇంకా లోపలి ఊళ్ళకీ ఆ టెన్షన్ పాకింది. వేసవిలో కాలువ కట్టేసేలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోకపోతే ఆ ఎండల్లో ఊరంతా టిన్ను నీళ్ళు కొనుక్కోవాల్సిందే. తూడూ గుర్రపుడెక్కా తీయించడం, గట్టు బాగుచేయించడం, లాకుల దగ్గరికి మనిషిని పంపడం, ఇవన్నీ ముందే గుర్తుండాలి. ఎవరికి గుర్తుంటుంది? రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాల పంచాయతీలు పరిశీలించి 2004లో ప్రచురించారు. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి రిజర్వైన చోట్ల తాగునీటి పనులు ఎక్కువ జరిగాయని తేల్చారు. భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా పార్కు మురుగు గొంతేరు కాలువలో కలుస్తుందని ఊళ్ళవాళ్ళు భయపడి రోడ్డెక్కినప్పుడు కూడా ముందు వరుసలో నిలబడి కేసులు పెట్టించుకున్నది ఆడవాళ్ళే.

ఇల్లు పాడైపోతుంది, పిల్లలు చెడిపోతారు అన్న పాయింటుకి జవాబు రాయను. మగ సర్పంచుల పిల్లల గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

చివరి పాయింటు: ‘ఒకసారి గెలుస్తారు, తర్వాత కనపడరు.’ ఇది నిజం, నాకూ బాధ కలిగించే నిజం. పని చేతికొచ్చేసరికి అయిదేళ్ళు అయిపోతాయి, రిజర్వేషన్ మారిపోతుంది. జనరల్ సీటంటే మగవాళ్ళ సీటని ఊళ్ళో అందరూ ఖాయం చేసుకున్నారు. బెంగాల్‌లో వరుసగా రెండుసార్లు ఆడవాళ్ళకి రిజర్వైన పంచాయతీల్లో తర్వాత రిజర్వేషన్ లేకపోయినా పోటీ చేసిన ఆడవాళ్ళూ, గెలిచినవాళ్ళూ పెరిగారని తర్వాత వచ్చిన మరో పరిశోధన చెప్పింది. కాబట్టి ఒక్క విడతతో సరిపెట్టడం తప్పని నేనూ ఒప్పుకుంటాను. అడగాల్సింది రెండో విడత.

పక్క ఊరి సర్పంచ్ గారు రిజర్వేషన్ మారినా ఈసారి జనరల్‌లో నామినేషన్ వేస్తానంటున్నారు. నాకు ఈ మెసేజ్ పంపినవాళ్ళలో ఆ ఊరి ఓటర్లూ ఉన్నారు. ఆవిడ కాగితం మీద ప్రతిపాదకులుగా సంతకం పెట్టడానికి మీలో ఎవరొస్తారో ఇదే గ్రూపులో చెప్పండి.