కేకే లైను గూడ్సు బండి గారికి ఒక విన్నపం

అయ్యా గూడ్సు బండి గారూ,

అరకు చూడ్డానికి అద్దాల పెట్టెలో ఎక్కిన జనం కొండల్నీ సొరంగాల్నీ వీడియోలు తీసుకుంటారు గానీ, వాళ్ల రైలుని లూప్ లైన్లో నిలబెట్టించి పక్కనుంచి దడదడలాడుతూ పోయే మిమ్మల్ని ఒక్కరూ పట్టించుకోరు. ఇదేం న్యాయమండీ, అసలు ఆ కొత్తవలస-కిరండూల్ (కేకే) లైను వేసిందే మీ కోసం కదా! ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దిగి, అక్కణ్ణుంచి ఓడెక్కి జపాన్ వెళ్లాలని 1960ల్లో తూర్పు కనుమల్ని తొలిచి 58 సొరంగాలు వేశారు.

మనుషులకి పని పడితే మాత్రం లెక్క వేరు. మీరు రోజూ దిగి వచ్చే అనంతగిరి మండలంలోనే నెలలు నిండిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లున్నాయి. పొడవాటి కర్ర, దానికో దుప్పటి, ముందొకరు వెనకొకరు, భుజం మార్చుకోడానికి ఇంకో ఇద్దరు, సిగ్నల్ దొరికే చోట నిలబడి 108కి ఫోన్ చెయ్యడానికి ముందే పరిగెత్తే కుర్రాడొకడు. రోడ్డేది అంటే, కొండ ప్రాంతం కదండీ, కష్టం అంటారు. 58 సొరంగాలు తవ్వినప్పుడు ఆ కష్టం ఏ సెలవులో ఉందో!

మీరు బయల్దేరే చోటా అంతే. గనుల మట్టి కలిసి శంఖిని, డంకిని నదులు ఎర్రబారాయి, ఆ నీళ్లని నమ్ముకున్న ఊళ్ల పొలాల్లో బురద మేట వేసింది. ఖనిజం మీకు, బురద వాళ్లకి. భలే పంపకం.

2018లో కేంద్రం వెనకబడిన జిల్లాల జాబితా తీసింది. మీ రూట్ మ్యాప్ ముందేసుకుని రాశారేమో అని నాకు అనుమానం: విజయనగరం, విశాఖ, కోరాపుట్, బస్తర్, దంతెవాడ, ఒక్కటీ మిస్సవలేదు. యాభై ఏళ్లకి పైగా లక్ష్మీదేవిని ఎక్కించుకుని తిరుగుతున్నారే, దారిలో ఏ స్టేషన్లోనూ ఆవిడ కనీసం టీ తాగడానికైనా దిగలేదా?

కోపం తెచ్చుకోకండి, ఇంజిను ఎటు లాగితే అటు పోయేవాళ్లు, మీ తప్పేం లేదు. విశాఖలో సరుకు దింపాక చాలాసార్లు ఖాళీగానే కదా పైకి వెళ్తారు? ఆ పెట్టెల్లో ఒక డాక్టర్ని, ఇద్దరు టీచర్లని, ఆ డోలీ దారికి సరిపడా కంకరని వేసుకెళ్లండి. ఛార్జీ ఎవరిస్తారంటారా? ఇన్నేళ్లూ దింపిన సరుకు బాకీలో కోసుకోండి, ఇంకా చాలా మిగుల్తుంది.