స్పాంజి తూటాల బ్లాస్టర్ గారికి రెఫరీ రాయునది

హనుమకొండ నుంచి బ్లాస్టర్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

ఆనవాయితీ కొద్దీ అలా రాశానే గానీ, మా ఆయన మోకాలు కుశలంగా లేదు. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారు. బీరువాలో నా పట్టుచీరల పక్కన, మెత్తని టవల్ కప్పుకుని, చుట్టూ డాంబర్ గోలీలు పెట్టించుకుని పడుకున్నారు. నా చీరలకు ఆ గోలీలు వెయ్యమని ఎన్నేళ్లు అడిగినా వెయ్యని మనిషి తమరికి అడగకుండానే వేశాడు. ఇంట్లో మనిషివైపోయావు కాబట్టి ఇక్కణ్నుంచి మీరూ గారూ మానేసి నువ్వనే అంటాను.

నా సంగతి రెండు ముక్కలు. హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ చేసీ చేసీ, ఎవడి జేబులో చిట్టీ ఉందో నడక చూసి చెప్పగలను. ఆ అర్హత చూసే మా ఆయనా, ఆయన దోస్తులూ, నీలాంటి బొమ్మ తుపాకులతో స్పాంజి తూటాలు కొట్టుకునే తమ ఆటకు రెఫరీని చేసి నా మెడలో విజిల్ వేశారు. ఈ లేఖ రాసేది ఆయన భార్యగా కాదు, ఆ విజిల్ హోదాలో.

నీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. 1969లో అమెరికాలో రేన్ గయ్యర్ అనే ఆయన, రంగు చుక్కల చాప మీద కాళ్లూ చేతులూ మెలికేసుకునే ట్విస్టర్ ఆట వెనకున్న మనిషే, ఆదిమానవుల ఆట ఒకటి తయారుచేస్తూ రాళ్లకు బదులు స్పాంజి ముక్కలు వాడాడట. ఆట మూలకు పోయింది, ఆ స్పాంజి రాళ్లు ఒకరి మీద ఒకరు విసురుకోవడమే బాగుందని తేలింది. పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1970లో దాన్ని నెర్ఫ్ బంతిగా అమ్మకానికి పెట్టింది. ఇంట్లో విసిరినా దీపాలు పగలవు, పసిపిల్లలకూ ముసలివాళ్లకూ దెబ్బ తగలదు అన్నదే దాని ప్రచారం. అంత సాధువంశం నీది. 1989లో బంతులు పేల్చే గొట్టమయ్యావు, 1992లో డార్టులు, అంటే స్పాంజి తూటాలు, కొట్టే షార్ప్‌షూటర్‌వి అయ్యావు. అప్పటికీ ఎవరి జోలికీ పోయింది లేదు. పెద్దమనుషుల చేతిలో పడ్డాకే నీ గతి మారింది.

పిల్లవాడికి నిన్ను ఇస్తే కాలుస్తాడు. పెద్దమనిషికి ఇస్తే ముందు స్క్రూలు విప్పుతాడు. మా డైనింగ్ టేబుల్ మీద నిన్ను నిలువునా విప్పి పరిచిన రోజునే నీ లోపలి గుట్టంతా నాకు తెలిసిపోయింది. స్ప్రింగ్ రకమైతే హ్యాండిల్ లాగినప్పుడు స్ప్రింగ్ ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని నెడుతుంది, ఆ గాలి డార్టును నెడుతుంది. బ్యాటరీ రకమైతే లోపల రెండు చక్రాలు ఎదురెదురుగా గిర్రున తిరుగుతుంటాయి, మధ్యలోకి వచ్చిన డార్టును రెండూ కలిసి పట్టి బయటికి విసురుతాయి. ఇంతే నీ బ్రహ్మవిద్య. కానీ కంపెనీ పెట్టిన స్ప్రింగ్ మా వాళ్లకు చాలదు, కంపెనీ పెట్టిన మోటారు మా వాళ్లకు ఆనదు. సెకనుకు 70 అడుగులు పోయే డార్టు వీళ్లకు 150 అడుగులు పోవాలి. 150 అడుగులంటే గంటకు దాదాపు 165 కిలోమీటర్లు అని కాగితం మీద లెక్క వేసి చూపించాను, భయపడతాడని. ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు.

ఇక పొడుగు డార్టు, పొట్టి డార్టు పంచాయతీ ఉంది చూడు, దాని ముందు అన్నదమ్ముల భూతగాదా నయం. పొడుగుది 72 మిల్లీమీటర్లు. పొట్టిది అందులో సగం, కానీ సూటిగా పోతుందట. పొట్టి డార్టుకు వేరే మ్యాగజైన్, అంటే డార్టులు నింపే డబ్బా, కావాలి, ఆ మ్యాగజైన్‌కు వేరే బ్లాస్టర్ కావాలి, ఆ బ్లాస్టర్‌కు త్రీడీ ప్రింటర్ మీద తీసిన ఇంకో ముక్క కావాలి. సగం అయింది డార్టు ఒక్కటే, ఖర్చు మాత్రం రెట్టింపు. పైగా బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి కూడా. దేశంలో బొమ్మల పరిశ్రమ బాగుపడాలని ప్రభుత్వం చేసిన ఆలోచన అది, కాదనను. మా ఇంట్లో మాత్రం దాని ఫలితం వేరుగా వచ్చింది. డాలస్ నుంచి మా మరిది వచ్చినప్పుడు పిల్లలకు తెచ్చే చాక్లెట్లు తగ్గిపోయాయి. సూట్‌కేసులో సగం చోటు నీదే.

ఒక్క విషయంలో నిన్ను మెచ్చుకోవాలి. కంటికి అద్దాలు లేనిదే ఎవరినీ బరిలోకి రానివ్వవు. అది ఊరికే పెట్టిన నియమం కాదు. 2017లో లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు నీలాంటి బ్లాస్టర్ల దెబ్బకు కంటి లోపల రక్తం చేరిన ముగ్గురి గురించి వైద్య పత్రికలో రాశారు. అందులో ఇద్దరు పెద్దవాళ్లే. కాబట్టి అద్దాలు సరే. నా మంట వేరే. ఆటకు వచ్చేటప్పుడు కాజీపేట ఫ్లైఓవర్ మీద లారీల మధ్య హెల్మెట్ లేకుండా బండి నడుపుకుంటూ వచ్చిన మనిషే, మేం ఆడే రియల్ ఎస్టేట్ వెంచర్ గేటు దాటగానే గ్రాము బరువున్న స్పాంజి ముక్కకు భయపడి కళ్లద్దాలు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు అన్నీ బిగించుకుంటాడు. “హెల్మెట్ ఏదన్నా?” అంటే, “చెక్‌పోస్ట్ లేదు గదా మేడం” అంటాడు.

పెద్దవాళ్లకు ఈ ఆటలేమిటని మా గల్లీలో నవ్వేవాళ్లకు నేనే జవాబు చెబుతుంటాను. వయసు మీద నాకే అభ్యంతరమూ లేదు. ఓరుగల్లు కోట 1323లో పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తరు వెళ్లి రాజ్యం పెట్టాడని అక్కడివాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఆ రాజుల జగదల్‌పూర్‌లో ఇప్పటికీ ఆషాఢంలో గోంచా పండుగ జరుగుతుంది. రథం కదిలితే జనం వెదురు గొట్టంలో మాల్‌కంగనీ తీగ కాయలు పెట్టి, వెనక నుంచి పుల్లతో నెట్టి టపటపా పేలుస్తారు. వాళ్లు దాన్ని తుప్కీ అంటారు. గాలిని నొక్కి కాయను తరిమే ఆ గొట్టం నీకు పెద్దన్న వరస. జగన్నాథుడికి సలామీ కొట్టడానికి పిల్లా పెద్దా అందరూ పట్టే బొమ్మ తుపాకీ కాకతీయుల వారసుల ఊళ్లో ఉండగా, కాకతీయుల ఊళ్లో ఉంటే తప్పేముంది?

రంగు విషయంలో మాత్రం నా మాటే చెల్లాలి. మా జట్టులో ఒకాయనకు నీ నీలం, నారింజ రంగులు చిన్నతనంగా అనిపించాయి. నల్ల స్ప్రే డబ్బా పట్టుకొచ్చాడు. నిజం తుపాకీలా కనిపించే బొమ్మల మూతికి నారింజ రంగు ఉండాలని అమెరికాలో 1988లోనే చట్టం చేశారు. మనకు ఆ చట్టం అక్కర్లేదు, మన జిల్లా చాలు. చెట్ల చాటున నల్ల తుపాకీ పట్టుకున్న మనిషి కనబడితే నవ్వు రాని రోజులు ఈ చుట్టుపక్కల ఎన్ని ఊళ్లు చూశాయో, ఆ రాత్రులు తలుపు కొట్టింది అన్నలో పోలీసులో తెలియక ఎన్ని ఇళ్లు దీపాలు ఆర్పుకున్నాయో ఆయనకూ తెలుసు, ఆయనది ములుగు వైపే. స్ప్రే డబ్బా ఇంటికి తీసుకుపోయి గేటుకు కొట్టుకున్నాడు. నిన్ను బ్యాగులో పెట్టి జిప్పు వేసుకుని తేవాలి, దారిలో తియ్యకూడదు. ఇందులో బేరాల్లేవు.

అసలు ఫిర్యాదుకు వస్తున్నాను.

ధర్మసాగర్ రోడ్డులో మేం ఆడే చోటు ఒక వెంచర్. పెద్ద ఆర్చీ, సగం కట్టిన క్లబ్ హౌస్, హద్దురాళ్లు, మోకాలెత్తు గడ్డి, అమ్ముడుపోని ప్లాట్లు. ఓనరు మా జట్టులోనే ఉన్నాడు. ఆయన్ని అందరూ అన్నా అంటారు, కాబట్టి నేనూ అన్న అనే రాస్తాను. ఆయనతోపాటు ఒక బ్యాంకు మేనేజరు, ఒక కాంట్రాక్టరు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారి, మా ఆయన. ఎదుటి జట్టులో ఇంజనీరింగ్ చదివే పిల్లలు.

పెయింట్‌బాల్ తగిలితే చొక్కా మీద రంగు పడుతుంది, ఇక దబాయించేదేం ఉండదు. నీ డార్టు ఏ గుర్తూ ఉంచదు. టప్‌మని తాకి కిందపడుతుంది. తాకినవాడు తానే చెయ్యెత్తి “తాకింది” అని చెప్పి బయటికి నడవాలి. ఆటంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. 2005లో అమెరికాలో మేరీలాండ్‌లోని గౌచర్ కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన మనుషులు, జాంబీల ఆట కూడా అంతే. జాంబీ ముట్టుకుంటే మనిషి ఒప్పుకుని తలకు గుడ్డ కట్టుకోవాలి, వాడూ జాంబీయే. క్యాంపస్‌లో మూలకొక రెఫరీని నిలబెట్టడం ఎవరి తరం? అక్కడ పిల్లలు ఒప్పుకున్నారు, ఆట దేశమంతా పాకింది.

అటువంటి ఆటను, స్పాంజి మహాశయా, నువ్వు తెచ్చి ఎవరి చేతిలో పెట్టావో ఆలోచించావా? తాకినా తాకలేదనడమే బతుకుతెరువుగా ఉన్నవాళ్ల చేతిలో!

పోయిన వారం జరిగింది చెబుతాను. అన్న క్లబ్ హౌస్ పిల్లర్ వెనక ఉన్నాడు. ఒక పిల్లవాడు గడ్డిలో పాకుతూ వచ్చి కొట్టాడు. డార్టు అన్న కళ్లద్దాల మధ్యలో తగిలింది. టక్ అని నాకు వినబడింది, అద్దం మీద రబ్బరు మూతి దుమ్ము గుండ్రంగా అంటుకుంది, డార్టు ఆయన బొజ్జ మీద నుంచి జారి చెప్పు మీద పడింది. విజిల్ ఊదాను.

“తాకలే మేడం,” అన్నాడు.

“మరి అద్దం మీద ఏంటన్నా అది?”

“పొద్దున్నుంచే ఉంది. అమ్మతోడు.”

“చెప్పు మీద డార్టు?”

“అది పాతది. ఎవరిదో.”

అంతలో కాంట్రాక్టరు కలగజేసుకున్నాడు. “తాకింది మేడం, గని గాలికి వంగి తాకింది. డైరెక్ట్ హిట్ కాదు.” బ్యాంకు మేనేజరు సగం హిట్‌గా రాసుకుందామన్నాడు, మిగతా సగం వచ్చే ఆటలో సర్దుబాటు చేసుకోవచ్చట. మిర్చి వ్యాపారి తరుగు తియ్యాలన్నాడు. మా ఆయన నా ముఖం చూసి ఆకాశం వైపు చూశాడు. చివరికి అన్న అసలు మాట అనేశాడు: “జాగ నాది గదా మేడం, నన్నే అవుట్ అంటరా?”

ఆ పక్క ప్రహరీ గోడ వెనక, ఎవరికీ కనబడని చోట, బక్కపలచటి పిల్లవాడొకడు ఉన్నాడు. వాడిని కొట్టినవాడికి కూడా తగిలిన సంగతి తెలియదు. వాడు చెయ్యెత్తి, “తాకింది” అని గట్టిగా అరిచి, బ్లాస్టర్ నెత్తిన పెట్టుకుని బయటికి నడిచొచ్చాడు. మా పెద్దల జట్టు ఆట ఆపి మరీ నవ్వింది. “ఎవరు చూసిండ్రని చెప్పినవ్‌రా కొడుకా?” అని మా కాంట్రాక్టరు వాడి భుజం తట్టాడు. అన్న కూడా తట్టాడు. ఆ తట్టిన తీరు నేను చూశాను. నాలుగేళ్లలో ఆ పిల్లవాడికి ఉద్యోగం వస్తుంది, అదే ప్రహరీ పక్కన చెరువు శిఖంలోకి పోయే ప్లాటు వాడికే అంటగడతారు.

ఆట అయ్యాక డార్టులు ఏరుకోవడం ఇంకో ఘట్టం. అందరూ నడుములు వంచి, వరుసగా, ఒళ్లో బట్ట సంచి కట్టుకుని, గడ్డిలో పత్తి ఏరినట్టు ఏరతారు. ఇంట్లో కిందపడ్డ స్పూను తియ్యని మనుషులు అర ఎకరం వంగి తిరుగుతారు. ఎవరి డార్టు ఎవరిదో గుర్తుకు తలా ఒక చోట పెన్నుతో గీతలు పెట్టుకున్నారు. గీతలు పెట్టినా పిల్లల సంచులు తగ్గుతున్నాయి, పెద్దల సంచులు పెరుగుతున్నాయి. ఇది ఎట్లా జరుగుతోందో రెఫరీగా నేను విచారించలేదు, ఎందుకంటే మా బీరువాలో కూడా ఎవరివో ఎర్ర గీతల డార్టులు కనబడుతున్నాయి. వాటిని పిల్లలకు తిరిగి ఇప్పించడం నా సొంత ఏర్పాటు మీద జరుగుతోంది, మా ఆయనకు చెప్పకు.

నా అర్జీ ఏమిటంటే, వచ్చే ఆదివారానికి అన్న కొత్త రూలు ప్రతిపాదించాడు. నలభై దాటినవాళ్లకు మూడు డార్టులు తగిలితేనే ఒక హిట్, స్థలదాతకు ఐదు. ఓటింగ్‌కు పెడతానంటున్నాడు, ఓటింగ్‌కు ముందు బిర్యానీ కూడా పెడతానంటున్నాడు. పిల్లల్లో ఇద్దరు అప్పుడే మెత్తబడ్డారు. కాబట్టి నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. నీ డార్టు మూతికి కాస్త రంగు పూసుకుని వచ్చే వీలుందేమో మీ కంపెనీవాళ్లను అడుగు. చీరకు అంటినా ఉతికితే పోయే రంగైతే నాకూ ఇబ్బంది లేదు.

రంగు కూడా వద్దులే. అన్న కారు డిక్కీలో ఇస్త్రీ చొక్కాలు నాలుగు వేలాడుతుంటాయి.

ఇట్లు,
విజిల్ ఇంకా తన దగ్గరే ఉన్న రెఫరీ