మూడు యుద్ధనౌకలు, మూడూ రేవులోనే మునిగాయి

ఇటలీ 1910లో ఒకే నమూనా మీద మూడు యుద్ధనౌకలు కట్టడం మొదలుపెట్టింది. వాటి పేర్లు కొంటే ది కవూర్, జూలియో చేజరే, లియొనార్డో డావిన్సీ. వీటిలో ఒక్కటి కూడా నడిసముద్రంలో పోరాడుతూ మునగలేదు. మూడూ రేవులో లంగరేసి ఉండగానే మునిగాయి. దీన్ని దురదృష్టం అని వదిలేయలేను. తప్పు కొంత డిజైన్‌ది, కొంత అధికారుల తాత్సారానిది.

డిజైనర్ ఎదొఆర్దో మస్దేయా ఆలోచనంతా ఫిరంగుల చుట్టూనే తిరిగింది. ఒక్కో నౌకకు 305 మిల్లీమీటర్ల ఫిరంగులు 13 పెట్టాడు. మూడేసి ఫిరంగుల టరెట్లు (తిరిగే ఫిరంగి గూళ్లు) ముందు, నడుమ, వెనక ఒక్కొక్కటి పెట్టి, ముందూ వెనకా ఉన్నవాటి పైన, ఇంకో ఎత్తులో జంట ఫిరంగులు అమర్చాడు. తెలివైన ఏర్పాటే. కానీ పని ఆలస్యమైంది. ఇవి సేవలోకి వచ్చేసరికి బ్రిటన్ 381 మిల్లీమీటర్ల ఫిరంగుల నౌకలు కడుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వీటికి పెద్దగా పని పడలేదు. ఇరుకైన ఏడ్రియాటిక్ సముద్రంలో మైన్లు (నీటిలో పెట్టే పేలుడు గుళ్లు), సబ్‌మెరైన్ల భయంతో వీటిని దక్షిణ ఇటలీలోని తరంతో అనే రేవులో ఉంచేశారు. శత్రువైన ఆస్ట్రియా యుద్ధనౌక సెంట్ ఇష్త్వాన్‌ను 1918 జూన్‌లో ముంచింది కూడా ఇవి కాదు, ఇటలీ వాళ్ల చిన్న టార్పెడో పడవ. అప్పటికే, 1916 ఆగస్టు 2 రాత్రి, డావిన్సీ తరంతోలో పేలి బోర్లాపడింది. దాదాపు 250 మంది చనిపోయారు. ఇది ఆస్ట్రియా విద్రోహుల పనే అని ఇటలీ అంది. మందుగుండు తనంతట తానే పాడై పేలిందన్న అనుమానమూ ఉంది.

మిగిలిన రెండింటినీ 1933-37 మధ్య దాదాపు కొత్తగా కట్టారు. నడిమి టరెట్ తీసేసి, మిగిలిన 10 ఫిరంగుల గొట్టాలను తొలిచి 320 మిల్లీమీటర్లకు పెంచారు. నౌకను 10 మీటర్లు పొడిగించారు. వేగం 21 నాట్ల (ఓడల వేగానికి కొలత) నుంచి 28కి చేరింది. నీటి కింది దెబ్బల కోసం ఉంబెర్తో పూలియేజే కనిపెట్టిన బోలు సిలిండర్లను పక్కల బిగించారు. ముక్కు భాగానికి ఆ రక్షణ లేదు. ఇంత ఖర్చు పెట్టాక కూడా, 1940 జూలైలో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ దాదాపు 24 కిలోమీటర్ల దూరం నుంచి వేసిన ఒక్క గుండుకు చేజరే బాయిలర్లలో సగం ఆగిపోయాయి.

అదే ఏడాది నవంబర్ 11 రాత్రి తరంతోలో బ్రిటిష్ విమానం వదిలిన ఒకే ఒక్క టార్పెడో కవూర్‌ను ముంచింది. లోతు తక్కువున్న ఇసుక తిన్నె మీదికి నౌకను ఎక్కిస్తానని కెప్టెన్ అడిగాడు. అడ్మిరల్ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకునేసరికి సమయం మించిపోయింది. కవూర్ మళ్లీ యుద్ధానికి రాలేదు.

పదిహేనేళ్ల తర్వాత చేజరేకూ అదే జరిగింది. యుద్ధ పరిహారం కింద 1949లో సోవియట్ యూనియన్‌కు వెళ్లి, నొవొరొస్సీస్క్‌గా పేరు మారింది. 1955 అక్టోబర్ 29న తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు నల్లసముద్రం ఒడ్డున ఉన్న సెవస్తోపోల్ రేవులో దాని ముక్కు కింద పేలుడు జరిగింది. యుద్ధకాలపు జర్మన్ మైన్ అయి ఉంటుందని విచారణలో తేల్చారు. ఇటలీ గజ ఈతగాళ్ల పని అన్న మాటకు గట్టి ఆధారం లేదు.

నన్ను కలచివేసేది పేలుడు తర్వాతి రెండున్నర గంటలకు పైగా సమయం. గట్టు అంత దగ్గర్లో ఉంది. నౌకను గట్టుకు లాగడంలో ఆలస్యం చేశారు. పనిలేని వందల మంది నావికులను దించకుండా డెక్ మీదే నిలబెట్టారు. సుమారు నాలుగుంబావుకు నౌక బోర్లాపడింది. సాయానికి వేరే నౌకల నుంచి వచ్చిన వాళ్లతో కలిపి 600 మందికి పైగా పోయారు. నావికాదళ అధిపతి కుజ్నెత్సోవ్ పదవి పోగొట్టుకున్నాడు. సోవియట్ ప్రభుత్వం మాత్రం ఈ విషయాన్ని 1980ల చివరిదాకా జనానికి చెప్పలేదు. బోర్లాపడ్డ నౌక లోపల చిక్కుకున్న వాళ్లు గోడలు కొడుతున్న చప్పుడు రోజుల తరబడి బయటికి వినిపించింది. ఇనుము కోసి, డైవర్లను దింపి, కొద్దిమందిని మాత్రమే బయటికి తీయగలిగారు.