బర్నర్ వెలగదు, బోర్డు మార్చమంటారు

గ్రీజూ ఆయిలూ గడ్డకట్టిన టిప్పర్ చాసిస్ చన్నీళ్లకు వదలదు. డీజిల్ బర్నర్‌తో నీళ్లు కాచి జోరుగా చిమ్మే వేడినీళ్ల ప్రెషర్ వాషర్ కొనేదే అందుకు. ప్రెషర్ బ్రహ్మాండంగా వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, నీళ్లు మాత్రం బోర్లోంచి వచ్చినంత చల్లగానే ఉంటాయి. బయట బళ్లు బారులు తీరి ఉంటాయి.

మెకానిక్ వస్తాడు. మూతైనా విప్పకుండానే "కంట్రోల్ బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే" అంటాడు. చూడకుండా ఎలా తెలిసిందయ్యా? ఒక్కసారి పొగగొట్టం వైపు చూడు! తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ అందుతున్నట్టే, నిప్పురవ్వే పడటం లేదు. రవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్లకు మసి పట్టిందేమో, వాటి పింగాణీ పగిలిందేమో చూడాలి. పొగే లేదంటే డీజిల్ రావడం లేదేమో. డీజిల్ ఫిల్టరు, డీజిల్‌ని వదిలే సోలినాయిడ్ వాల్వు, దాన్ని చిమ్మే నాజిలు చూడాలి.

అసలు నీళ్లు పారుతున్నాయని ఫ్లో స్విచ్ చెప్పకపోతే బర్నర్ అంటుకోదు. నీళ్లు కాగే గొట్టపు చుట్ట, అదే కాయిల్, మాడిపోకుండా పెట్టిన ఏర్పాటది. మా బోరు నీళ్ల ఉప్పుకీ ఇసుకకీ ఆ స్విచ్ ఇరుక్కుపోవడం మామూలే. విప్పి కడిగితే పోయేదానికి వేలకు వేలు బోర్డు మీద పెట్టిస్తారు.

ఇంతకన్నా దారుణం, నీళ్లున్నా లేకున్నా బర్నర్ అంటుకునేలా ఆ స్విచ్‌ని డైరెక్ట్ చేసేసి చేతులు దులుపుకొని పోయేవాళ్లున్నారు. నీళ్లు ఆగినా మంట ఆగకపోతే కాయిల్ పగలొచ్చు, మరిగే ఆవిరి తన్నుకురావచ్చు. పక్కనే గన్ను పట్టుకుని నిలబడేది పద్దెనిమిదేళ్ల కుర్రాడు. వాడికేమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?